చూసినవాళ్ల జాబితా

నాచారంలోని ఆ మందుల కంపెనీ ల్యాబులో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో తారామణికి తెలిసినంతగా వాళ్లను కన్నవాళ్లకైనా తెలుసో లేదో. ఆమె కాక పదిమంది పనిచేసే ల్యాబు అది. పది తేదీలూ ఆమెకు నోటికి వచ్చు. ఆ రోజు పొద్దున ఆరింటికి, చాయ్ కూడా పెట్టుకోకముందే, పుట్టినరోజు మనిషి ఫొటోలు నాలుగు ఏరి, చుట్టూ గులాబీలు అతికించి, వెనకాల ఒక పాట తగిలించి తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేది. ఈ కాలంలో మన ఊళ్లలో ప్రేమకు కొలత అదే కదా. నోటితో వంద చెప్పినా లెక్కలోకి రాదు. ఫొటో పెడితే మనవాళ్లు, పెట్టకపోతే పరాయివాళ్లు.

స్టేటస్ పెట్టాక అసలు పని మొదలయ్యేది. ఎవరెవరు చూశారో చూసుకోవడం. ల్యాబులోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. బయట గదిలో ఇనప లాకర్లో పెట్టి, చెప్పులు మార్చి, తెల్ల కోటూ టోపీ తొడుక్కుని లోపలికి వెళ్లాలి. మళ్లీ ఒంటిగంటకు భోజనానికి బయటికి వస్తేనే ఫోను దర్శనం. మిగతావాళ్లు చేతులు కడుక్కుని టిఫిన్ డబ్బాలు తెరుస్తుంటే తారామణి లాకర్ ముందే నిలబడి ఆ కన్ను గుర్తు మీద నొక్కేది. యాభై మూడు మంది చూశారు. మొన్న పెట్టినదాన్ని అరవై ఒక్క మంది చూశారు. మరి ఆ ఎనిమిది మంది ఏమైనట్టు? ఎవరా ఎనిమిది మంది? అన్నం తింటున్నంతసేపూ వాళ్ల పేర్లు వెతుక్కునేది. ఎవరి పుట్టినరోజూ లేని రోజుల్లో సూర్యోదయం బొమ్మో, తను వండిన పులిహోరో పెట్టి, వాటినీ ఇలాగే లెక్కపెట్టుకునేది.

నలభై మూడేళ్ల మనిషి. తండ్రి రైల్వేలో పనిచేసినన్నాళ్లూ ఘట్‌కేసర్ క్వార్టర్లలో పెరిగింది. పెళ్లయిన మూడేళ్లకే విడాకులు తీసుకుంది. తర్వాత తల్లితో ఉప్పల్ చిలుకానగర్‌లో, రెండో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండేది. తల్లి కాలం చేసి రెండేళ్లయింది. ఎవరైనా ఎట్లా ఉన్నావని అడిగితే "నాకేంది, మస్తున్న" అనేది. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే మంచం అంచున కూర్చుని మిగతావాళ్ల స్టేటస్‌లు చూసేది. ఒకరిది గృహప్రవేశం. ఒకరు గోవాలో సముద్రం ముందు. బీఎస్సీలో తన పక్క బెంచీలో కూర్చున్న బిందుమాధవి కూతురి ఓణీల ఫంక్షన్లో పట్టుచీర కట్టుకుని నవ్వుతోంది. అవన్నీ చూసి తలెత్తితే తన వంటగది గోడ రోజుకన్నా నల్లగా కనిపించేది. అద్దం ముందు నిలబడి తన ఫొటో తానే తీసుకునేది, నచ్చక చెరిపేసేది, మళ్లీ తీసుకునేది. ముఖంలో ఏం తక్కువైందో వెతుక్కునేది. నిజానికి ఆ ముఖం బాగానే ఉంటుంది. ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు, అంతే.

ఉద్యోగంలో మాత్రం ఆమె వేరే మనిషి. లేని రీడింగును ఉన్నట్టు రాయడాన్ని ల్యాబుల్లో వండటం అంటారు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో తారామణి ఒక్క అంకె వండలేదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సంతకం పెట్టి, తేదీ వేసి, సరైనది రాస్తుంది. కింద తప్పు కనిపిస్తూనే ఉండాలి, అది అక్కడి పద్ధతి. ఆమె రాసిన కాగితాన్ని మళ్లీ చూడనక్కర్లేదని సెక్షన్ హెడ్ హృషికేశ్ అందరి ముందూ అంటాడు. ఆమె తలెత్తుకుని నడిచేది ఆ ఒక్క మాట మీదే.

ఇక్కడ ఆమె పుట్టినరోజు సంగతి చెప్పాలి. చిన్నప్పుడు బడిలో వేసేటప్పుడు అక్కడి సారు అందరు పిల్లలకు రాసినట్టే తారామణికీ జూన్ పదో తేదీ అని రాసేశాడు. కంపెనీ కాగితాల్లో అదే ఉంది. అసలు పుట్టింది నవంబర్ పంతొమ్మిదిన. కిందటి జూన్‌లో చాందిని అనే ఇరవై నాలుగేళ్ల పిల్ల, ల్యాబులో అందరికన్నా చిన్నది, కాగితం చూసి మురిపెంగా తారామణి ఫొటో స్టేటస్‌లో పెట్టింది. తారామణి మధ్యాహ్నం అది చూసి "అది సర్టిఫికెట్ పుట్టినరోజే చాందినీ, అసలుది కాదు. తీసెయ్" అంది. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని తీసేసింది. మరి అసలుది ఎప్పుడక్కా అని ఎవరూ అడగలేదు. అడగనిదే చెప్పకూడదని ఈమె చెప్పలేదు. అన్నింట్లో కచ్చితంగా ఉండే మనుషులకు ఇట్లాంటి వంకర పౌరుషం ఒకటి ఉంటుంది. పైగా పదిమంది తేదీలు తను గుర్తుపెట్టుకుంటున్నప్పుడు తన ఒక్క తేదీ వాళ్లకు ఎట్లాగో తెలిసిపోవాలని కూడా ఆమె నమ్మకం.

నవంబర్ పంతొమ్మిది బుధవారం వచ్చింది. తారామణి ముందురోజే ఉప్పల్ రింగురోడ్డు దగ్గర పాలకోవా కొన్నది. పొద్దున తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, డబ్బా లాకర్లో పెట్టి లోపలికి వెళ్లింది. ఎవరైనా ఒక్కరు శుభాకాంక్షలు చెబితే అప్పుడు తీసి అందరికీ పంచుదామని. ఒంటిగంటకు లాకర్ తెరిచింది. ఫోన్లో చీరల షాపు నుంచి ఒకటి, కళ్లద్దాల షాపు నుంచి ఒకటి, రెండే శుభాకాంక్షలు. స్టేటస్‌లన్నీ ఒక్కొక్కటీ తిప్పింది. బిందుమాధవి కొత్త కారు. చాందిని పిల్లికూన. తన ముఖం ఎక్కడా లేదు. వారం కిందట చాందిని పుట్టినరోజుకు కంపెనీ మొత్తం మీద ఇరవై ఆరు మంది ఆ పిల్ల ఫొటో పెట్టారు, లెక్కపెట్టింది ఈమే. డబ్బా బయటికి తీయలేదు. చీర బాగుందక్కా అని చాందిని అన్నా, పాతదే అని చెప్పింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక చేసిన పని చెప్పడానికి నాకే మనసొప్పడం లేదు. తల్లి ఫోను ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. సిమ్ము బంద్ కాకుండా రీచార్జి చేయిస్తుంది, వారానికోసారి చార్జింగు పెడుతుంది. అమ్మ పేరు తన ఫోన్లో ఒట్టి పేరుగా మిగిలిపోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆ ఫోను తీసి, తన ఫొటో ఒకటి ఎక్కించి, కింద "నా బంగారు తల్లి, పుట్టినరోజు పూట నూరేండ్లు సల్లగుండు బిడ్డా" అని రాసి స్టేటస్ పెట్టింది. ఎవరో అత్తయ్య రాసినట్టు రాద్దామనుకుంది. చెయ్యి దానంతటదే అమ్మ మాటలు రాసింది. దాన్ని తన ఫోన్లో చూసి, ఫొటో తీసుకుని, పైన ఉన్న అమ్మ పేరు కత్తిరించి, తన స్టేటస్‌లో పెట్టుకుంది. "విష్ చేసిన అందరికీ థాంక్యూ" అని రాసింది. అరగంటలో పదిహేడు మంది చూశారు. ఇద్దరు కేకు బొమ్మలు పంపారు. ఆమెకు ఏ మాత్రం సంతోషం కలగలేదు. అమ్మ ఫోన్లో పెట్టింది తీసేయాలని కూడా తోచక అట్లాగే పడుకుంది.

మర్నాడు పొద్దున లాకర్ గది పక్కనే ఉండే కాగితాల గదిలోంచి శ్యామలాదేవి పిలిచింది. ల్యాబు రాతలన్నీ సరిచూసే పెద్దావిడ. తెనాలి మనిషి, ఇంకో రెండేళ్లలో రిటైరవుతుంది. ఆ గదిలో ఫోను వాడుకోవచ్చు. అందుకే తారామణి తల్లి దవాఖానాలో ఉన్న రోజుల్లో, బిడ్డ ఫోను లాకర్లో ఉంటుందని శ్యామలాదేవికే చేసేది. ఆ నెంబరు అప్పటినుంచీ ఆవిడ ఫోన్లో ఉండిపోయింది.

"నిన్న మీ అమ్మగారి నెంబరు నుంచి స్టేటస్ వచ్చింది తారా. నాకు ఒళ్లు జలదరించిందనుకో. ఎవరు వాడుతున్నారు ఆ ఫోను?"

తాను పెట్టింది అమ్మ ఫోన్లో నెంబర్లున్న వాళ్లందరికీ కనబడుతుందన్న ఆలోచనే తారామణికి అప్పటిదాకా రాలేదు. "మా చిన్నమ్మ బిడ్డ మేడమ్. ఊకెనే పెట్టిందంట."

"ఓహో. అయితే నిన్న నీ పుట్టినరోజా? చెప్పనే లేదేం?"

"చెప్పుడేంది మేడమ్, మస్తుమంది విష్ చేసిన్రు. ఫోన్ ఎత్తుడుకే సరిపోయింది."

శ్యామలాదేవి ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, సరే పోయి పని చూసుకోమంది. రెండు అబద్ధాలు ఒకదాని వెనక ఒకటి తడుముకోకుండా వచ్చాయి. తారామణికి తన నోరు తనది కాదనిపించింది.

ఆ పూట ఒక మందు పొడిలో తేమ ఎంతుందో చూసే పరీక్ష ఆమె వంతు. పొడిని తూచి, వేడి పెట్టెలో పెట్టి, పెట్టిన టైము రాయాలి. సరిగ్గా మూడు గంటల తర్వాత తీసి మళ్లీ తూచాలి. తారామణి పెట్టెలో పెట్టింది. టైము రాయలేదు. మనసు శ్యామలాదేవి గదిలోనే ఉంది. ఎంతసేపటికో కాగితం చూసుకుంటే అక్కడ ఖాళీ. పంతొమ్మిదేళ్లలో ఇట్లా ఎన్నడూ కాలేదు.

పక్క బల్ల దగ్గరున్న చాందిని తొంగి చూసింది. "ఏమైందక్కా? టైం రాయలేదా? పదిన్నర అని రాసెయ్. గప్పుడే పెట్టినవ్, నేను సూశ్న గదా. ఎవ్వరికి తెలుస్తది?"

నిజంగా పదిన్నరే అయి ఉండొచ్చు. పది ఇరవై కావచ్చు, పది నలభై కావచ్చు. తారామణి పెన్ను కాగితం మీద పెట్టింది. పది అని రాసి, చుక్క పెట్టింది. అక్కడ ఆగింది. చెయ్యి ఎంత సులువుగా కదిలిందో చూసి ఆమెకు భయం వేసింది. నిన్న తన పుట్టినరోజును వండింది. పొద్దున చిన్నమ్మ బిడ్డను వండింది. ఇప్పుడు ఇది. తనకంటూ ఈ లోకంలో మిగిలింది, తలెత్తుకుని చెప్పుకోగలిగింది ఈ కాగితమొక్కటే. అది కూడా పోతే తాను ఎవరు?

పది అన్న అంకె మీద ఒక్క గీత గీసింది. సంతకం పెట్టి, తేదీ వేసి, "టైము నమోదు చేయలేదు" అని రాసి, హృషికేశ్ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడు, విస్తుపోయాడు. "మీరా మేడమ్?" అన్నాడు. పొడి పారేసి పరీక్ష మొదటినుంచీ చేయమన్నాడు. అది అయ్యేసరికి అందరూ వెళ్లిపోయారు. కాగితాల గదిలో శ్యామలాదేవి ఒక్కతే ఆ రోజు కాగితాలు కట్ట కడుతోంది.

"మేడమ్, పొద్దున మీకు చెప్పింది అబద్ధం," అంది తారామణి గుమ్మంలోనే నిలబడి. "చిన్నమ్మ బిడ్డ పెట్టలే. నేనే పెట్టిన. అమ్మ ఫోన్లకెళ్లి నాకు నేనే పెట్టుకున్న. మస్తుమంది విష్ చేసిన్రు అన్నది గూడ అబద్ధమే. పుట్టినరోజని ఒక్కరు గూడ యాది చేయలే."

శ్యామలాదేవి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "కూర్చో. నేను పొద్దున్నే నమ్మలేదులే." కాగితాల కట్ట పక్కకు జరిపింది. "ఎవరికి తెలుసు తారా? జూన్‌లో ఆ పిల్ల పెడితే తీయించేశావు. పోనీ అసలుది ఎప్పుడో చెప్పావా?"

"అడుగుతరేమో అనుకున్న."

"అడగాలి. నేనూ అడగలేదు, అది నా తప్పే." ఆవిడ తన ఫోను తీసి ముందుకు జరిపింది. "ఇది చూడు. నా స్టేటస్ ఎవరు చూశారో నాకు కనపడదు. ఆ బ్లూ టిక్కులు ఆపేస్తే ఈ జాబితా కూడా పోతుంది. మా అక్కతో మాటల్లేవు నాకు. ఆవిడ రోజూ నా స్టేటస్ చూసేది, పలకరించేది కాదు. ఆ పేరు ఉందా లేదా అని పొద్దున్న లేచి అదే పని. బీపీ మాత్ర ఒకటి పెరిగింది. ఇప్పుడు చూస్తోందో లేదో తెలీదు. హాయిగా ఉందని అబద్ధం చెప్పను. నిద్ర మాత్రం పడుతోంది."

తారామణి లాకర్లోంచి ఫోను తెచ్చుకుని, ఆ గదిలోనే ఆ జాబితా ఆపేసింది. బిందుమాధవి స్టేటస్, చాందిని స్టేటస్ కంటికి కనబడకుండా పక్కకు పెట్టింది. వాళ్ల మీద కోపం లేదు, వాళ్లను చూసినప్పుడల్లా తన మీద తనకే వస్తోంది. ఇంటికి వెళ్లగానే ఫోను బీరువాలో పెట్టి, వండుకుని తిన్నాకే తీయాలని కూడా అనుకుంది. ఇక పుట్టినరోజు స్టేటస్‌లు పెట్టదు.

అనుకున్నంత సులువు కాదు. మొదటి సాయంత్రం బీరువా నాలుగుసార్లు తెరిచింది. తీగమీది బట్టలు తెచ్చి మడతపెట్టింది. మడతపెట్టినవాటిని మళ్లీ విప్పి మడతపెట్టింది. పై అంతస్తులో ఎవరో మిక్సీ వేస్తున్నారు, ఎదురింట్లో తండ్రి కొడుకుకు ఎక్కాలు చెప్పిస్తున్నాడు. ఇన్నాళ్లూ ఫోను చూస్తూ గడిపేయడం వల్ల ఇంట్లో తానొక్కతే ఉన్న సంగతి ఆమెకు సరిగ్గా తెలియలేదు. ఇప్పుడు తెలిసింది, పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చింది. ముందురోజు సంచిలోనే ఇంటికి తెచ్చిన పాలకోవా పులిసిన వాసన వస్తుంటే డబ్బాతో సహా పారేసింది.

శనివారం విక్రమ్ పుట్టినరోజు. ల్యాబులో నీళ్లూ గాజుసామానూ చూసుకునే అతను. తారామణి అతని బల్ల దగ్గరికి వెళ్లి చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పింది. అతను థాంక్స్ చెప్పి, అక్కడే నిలబడి నసిగాడు. "స్టేటస్ పెట్టలేదేందక్కా? నా మీద ఏమన్న కోపమా?"

"కోపమెందుకు తమ్మీ. ఇగ ఎవ్వరిది పెడ్తలేను. నోటితోనే చెప్తున్న."

అతనికి ఆ మాట నచ్చినట్టు లేదు. ఆ మధ్యాహ్నం తారామణి లాకర్ తెరవకుండానే భోజనానికి కూర్చుంది. చేతులు ఏం చేయాలో తోచక నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది.

ఆదివారం పొద్దున అమ్మ ఫోన్లోంచి వాట్సాప్ తీసేద్దామని కూర్చుంది. ఇంకోసారి చెయ్యి జారకుండా ఉండాలంటే అదే మార్గమనిపించింది. తెరిస్తే రెండు మెసేజులున్నాయి. ఒకటి మేనమామ కొడుకుది. "ఇది మా అత్త నెంబర్, ఎవలు వాడుతున్నరు? సిమ్ బంద్ చేయించున్రి." స్టేటస్‌లో ఉన్న ఫొటో ఎవరిదో, ఆ రోజు ఏమిటో అతని కంటికి ఆనలేదు. రెండోది హైమావతి అనే పేరు మీద ఒక వాయిస్ మెసేజు. ఘట్‌కేసర్ క్వార్టర్లలో పక్కింటావిడ. తర్వాత కూతురి దగ్గరికి కరీంనగర్ వెళ్లిపోయింది. తల్లి పోయినప్పుడు తన ఫోన్లో ఉన్నవాళ్లకే కబురు చేసింది తారామణి. ఈవిడ నెంబరు అందులో లేదు.

నొక్కింది. "వదినా, బాగున్నవా? రెండేండ్లాయె నీ ముచ్చట లేక. తార పుట్టినరోజని పెట్టినవ్ గదా, సూశ్న. ఆ యేడు దీపావళి ఎల్లిన నాలుగొద్దులకు పుట్టింది, నాకు యాదిలున్నది. గంత వానల నిన్ను దవాఖానాకు తోలుకపోయింది నేనే గదా. బిడ్డ ఎట్లున్నది? నా దీవెనలు చెప్పు. జర ఫోన్ చెయ్యరాదు వదినా."

మూడుసార్లు విన్నది. ఆమె అసలు పుట్టుకను ఇన్నేళ్లూ గుర్తుపెట్టుకున్న మనిషి ఒకరున్నారు. ఆ దీవెన వచ్చింది మాత్రం చనిపోయిన మనిషికి. తారామణి వేలు అమ్మ ఫోను మీద కదిలింది. "బాగున్న వదినా. తారకు చెప్తా" అని రాసింది. పంపేస్తే చాలు. కరీంనగర్లో ఒక ఇంట్లో అమ్మ బతికే ఉంటుంది. వచ్చే ఏడాది కూడా పుట్టినరోజుకు దీవెన వస్తుంది. ఆ మాటలు చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత ఒక్కో అక్షరం చెరిపేసి, తన ఫోను తీసి ఆ నెంబరుకు కాల్ చేసింది.

"హలో, ఎవలు?"

"అత్తమ్మా, నేను తారను. ఘట్‌కేసర్ తారను."

"ఓయమ్మా, తారా! నూరేండ్లు బిడ్డా! అమ్మకు మొన్ననే మెసేజ్ పెట్టిన, సూశిందా? ఏది, ఫోన్ ఇయ్యి అమ్మకు."

"అత్తమ్మా, అమ్మ లేదు. పోయి రెండేండ్లయింది. మీకు చెప్పలే, తప్పు నాదే. గా స్టేటస్ అమ్మ పెట్టలే. నేను పెట్టుకున్న."

అటువైపు నుంచి ముసలామె ఏడుపు వినిపించింది, నెమ్మదిగా, ముక్కు చీదుకుంటూ. తారామణి ఫోను చెవికి ఆనించుకుని ఆ ఏడుపు అయ్యేదాకా ఉంది. రెండేళ్లుగా అమ్మ కోసం తనతో కలిసి ఏడ్చిన మనిషి లేదు.

"మరి నీ దగ్గర ఎవలున్నరు బిడ్డా?" అని అడిగింది హైమావతి.

ఈ ప్రశ్న ఇదివరకు చాలామంది అడిగారు. అందరున్నరు, నాకేంది అని ప్రతిసారీ చెప్పింది.

"ఎవ్వరు లేరత్తమ్మా," అంది తారామణి. "ఒక్కదాన్నే ఉంటున్న."